ప్రతి గుండుకీ ఒకే గొట్టం: మజిల్‌లోడర్ రైఫిల్‌లో మసి, గురి

మూతి నుంచి మందు పోసి, గుండు దట్టించి కాల్చే మజిల్‌లోడర్ రైఫిల్‌తో మొదటి నాలుగైదు గుండ్లు అరచేయి పట్టేంత చోటులోనే పడతాయి. ఆరోది కాస్త పైకి పోతుంది. ఎనిమిదోది దట్టించేటప్పుడు రామ్‌రాడ్ (దట్టించే కడ్డీ) సగంలో మొరాయిస్తుంది. పదోది ఎటు పోతుందో చెప్పలేం. అప్పుడు కాల్చేవాళ్లు గురి చూసే సైట్లు జరుపుతారు, మందు పెంచుతారు, గుండు సైజు మారుస్తారు. నిజానికి మారింది గొట్టం ఒక్కటే. మొదటి గుండు వెళ్లిన గొట్టం వేరు, పదో గుండు వెళ్లిన గొట్టం వేరు.

అందుకే మజిల్‌లోడర్‌లో గురి గురించి మాట్లాడాలంటే మసి గురించి మాట్లాడాలి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకచోట: లక్ష్యం గొట్టాన్ని తళతళలాడించడం కాదు. ప్రతి గుండూ బయల్దేరే క్షణానికి గొట్టం ఒకే స్థితిలో ఉండాలి, అంతే. కొంచెం మసి ఉన్నా ఫర్వాలేదు, ప్రతిసారీ అంతే ఉంటే చాలు. మంచి మార్క్స్‌మన్ చేసే పనులన్నీ, అంటే ప్యాచ్ (గుండుకు చుట్టే గుడ్డ) ఎంపిక, తడిగుడ్డ తుడుపు, మందు కొలత, ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతాయి.

గోడలకు పట్టేది ఏమిటి

ఈ రైఫిళ్లలో పోసే మందు బ్లాక్ పౌడర్. అందులో బరువు ప్రకారం సుమారు 75 పాళ్లు సురేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. ఈనాటి తూటాల్లో ఉండే స్మోక్‌లెస్ మందు కాలితే దాదాపు అంతా వాయువైపోతుంది. బ్లాక్ పౌడర్ అలా కాదు. కాలిన తర్వాత దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. 70 గ్రెయిన్ల మందు, అంటే సుమారు నాలుగున్నర గ్రాములు కాల్చితే, రెండున్నర గ్రాముల దాకా లవణాలు తయారవుతాయి. అందులో ఎక్కువ భాగం ఆ తెల్లటి పొగలో కలిసి బయటికి పోతుంది. మిగిలింది గొట్టం గోడలకు, బ్రీచ్ (గొట్టం వెనక కొస) అడుగుకు పట్టుకుంటుంది.

ఆ పట్టిన పొరలో ప్రధానంగా పొటాషియం కార్బొనేట్, పొటాషియం సల్ఫేట్, కొంత పొటాషియం సల్ఫైడ్, కాలకుండా మిగిలిన బొగ్గు ఉంటాయి. తుడిచిన గుడ్డకు వచ్చే కుళ్లిన గుడ్డు వాసన సల్ఫైడ్‌ది. ఇందులో అసలు ఆటంతా ఆడించేది కార్బొనేట్. అది గాలిలోని తేమను లాగేసుకుంటుంది. గాలిలో తేమ ఉన్న రోజున మసి మెత్తగా, జిడ్డుగా ఉండి తర్వాతి గుండుతో పాటు సులువుగా జరుగుతుంది. గాలి పొడిగా ఉండి, గొట్టం కూడా వేడెక్కితే అదే మసి ముదిరిన పాకంలా గట్టిపడి గార కడుతుంది. పొద్దున ఎనిమిదింటికి బ్రహ్మాండంగా పనిచేసిన పద్ధతి మధ్యాహ్నం పన్నెండింటికి ఎందుకు బెడిసికొడుతుందో ఇక్కడే తెలుస్తుంది. తుపాకి అదే, మందు అదే, గాలి మారింది.

ఇంకో సంగతి కూడా ఈ రసాయనంలోనే ఉంది. ఈ లవణాలు నీళ్లలో ఇట్టే కరుగుతాయి, పెట్రోలియం నూనెల్లో కరగవు. పైగా ఇంజిన్ ఆయిల్, గ్రీజు లాంటివి బ్లాక్ పౌడర్ వేడికి మసితో కలిసి తారులాంటి ముద్దగా మారతాయి. కాబట్టి కాల్చే సమయంలో గొట్టంలోకి వెళ్లేవి నీటి ఆధారంగా ఉండేవి గానీ, తేనెమైనం, జంతువుల కొవ్వు, ఆలివ్ నూనె లాంటి సహజమైన జిడ్డు గానీ అయితేనే మేలు. పెట్రోలియం నూనె తుపాకిని దాచిపెట్టేటప్పటి మాట.

ప్యాచ్: తుడిచే గుడ్డ కూడా అదే

గుండ్రటి సీసపు గుండును నేరుగా గొట్టంలో వేయరు. జిడ్డు పట్టించిన గుడ్డముక్కలో చుట్టి దట్టిస్తారు. దీన్నే ప్యాచ్ అంటారు. రైఫ్లింగ్ గాడులను (గొట్టం లోపల మెలికగా చెక్కినవి, వాటి మధ్య ఎత్తుగా మిగిలేవి గట్లు) పట్టి గుండును తిప్పడం, వెనక నుంచి వాయువు తప్పించుకోకుండా మూయడం దాని పని అని అందరికీ తెలుసు. మూడో పని మీద చాలామంది దృష్టి పెట్టరు. సరిగ్గా బిగిసిన, సరిగ్గా తడిసిన ప్యాచ్ కిందికి వెళ్తూ వెళ్తూ ముందు గుండు వదిలిన మసిని తోసుకుపోయి మందు మీద కూర్చోబెడుతుంది. తర్వాతి పేలుడులో అది బయటికి పోతుంది. అంటే ప్రతి దట్టింపూ ఒక తుడుపే. ఈ అమరిక కుదిరిన రైఫిల్‌తో మధ్యలో తుడవకుండా పాతిక గుండ్లు కాల్చినా పదో గుండుకూ ఇరవయ్యో గుండుకూ తేడా కనిపించదు.

ఆ అమరికకు చిన్న లెక్క ఉంది. 0.50 క్యాలిబర్ గొట్టంలో గట్ల మధ్య వ్యాసం 0.500 అంగుళం. వాడే గుండు 0.490. అంటే గుండుకీ గట్టుకీ మధ్య ఒక్కో వైపు 0.005 అంగుళం సందు. గాడి లోతు 0.010 అయితే గాడి అడుగు వరకు మొత్తం సందు 0.015. అంటే 0.015 మందం ఉన్న గుడ్డ గాడిని అంచుకు అంచుగా నింపుతుంది, అంతకు మించి ఒత్తదు. 0.018 గుడ్డ అయితే గాడిలో కూడా కొంచెం నలిగి గట్టిగా మూస్తుంది, మసిని కూడా గాడి అడుగు నుంచి గీకుతుంది. గాడులు 0.012 లోతున్న గొట్టంలో 0.010 గుడ్డ వేస్తే గట్ల దగ్గర బిగుతుగానే అనిపిస్తుంది గానీ గాడుల్లోంచి వాయువు ఈల వేసుకుంటూ పోతుంది. దట్టించడానికి సుఖంగా ఉందని పలుచటి గుడ్డ వాడేవాళ్లకు మసి ఎక్కువ పేరుకునేది ఇందుకే. బిగుతు గుడ్డతోనే మసి తగ్గుతుందన్నది మొదట వింతగా ఉంటుంది గానీ నిజం.

గుడ్డ నూటికి నూరుపాళ్లు నూలుదే కావాలి, నేత దగ్గరగా ఉండాలి. పాలిస్టర్ కలిసిందైతే వేడికి కరిగి గొట్టానికి అంటుకుంటుంది. పరుపు గలీబులకు వాడే దిట్టమైన చారల గుడ్డ ఈ పనికి పేరు పొందింది. నార గుడ్డ (లినెన్) ఇంకా గట్టిది. కొత్త గుడ్డను ముందు ఒకసారి ఉతికి గంజి వదిలించి ఆరబెట్టాలి. మందం కొలిచేటప్పుడు క్యాలిపర్ దవడలను గట్టిగా ఒత్తి కొలవాలి. వదులుగా పట్టుకుని చదివిన 0.018, ఒత్తితే 0.013 అవచ్చు.

ఇక తడి. రేంజిలో వెంటవెంటనే కాల్చడానికి నీటి ఆధారపు లూబ్రికెంట్‌కు సాటి లేదు. ఉమ్మి కూడా పనిచేస్తుంది, పాతకాలపు పోటీల్లో గెలిచినవాళ్లు ఎందరో దాన్నే వాడారు. చిక్కు ఏమిటంటే ఒక్కో ప్యాచ్‌కి ఒక్కోలా తడి పడుతుంది. తడి మారితే రాపిడి మారుతుంది, వేగం మారుతుంది, గుండు పైకో కిందికో పోతుంది. దీనికి విరుగుడు పొడి ప్యాచ్ పద్ధతి: బాలిస్టాల్ లాంటి నీళ్లలో కలిసే నూనె ఒక పాలు, నీళ్లు ఆరేడు పాళ్లు కలిపి, గుడ్డ పట్టీలను ముంచి పిండి, బల్లపరుపుగా పరిచి పూర్తిగా ఆరనివ్వాలి. తీగ మీద వేలాడదీస్తే నూనె కింది అంచుకు దిగి పట్టీలో ఒక కొస జిడ్డుగా, ఒక కొస పొడిగా అవుతుంది. నీళ్లు ఆవిరైపోయాక ప్రతి అంగుళంలోనూ ఒకే మోతాదు నూనె మిగులుతుంది. నీళ్ల పాలును ఐదు, ఆరు, ఏడు, ఎనిమిదిగా మారుస్తూ ఒక్కోదానితో ఐదేసి గుండ్లు కాల్చి చూస్తే గొట్టానికి నచ్చినదేదో టార్గెట్టే చెబుతుంది.

గుండు దట్టించి గంటల తరబడి అలాగే ఉంచాల్సి వస్తే మాత్రం తడి ప్యాచ్ పనికిరాదు, మందు నెమ్మెక్కుతుంది. అక్కడ తేనెమైనం, కొవ్వు కలిపిన జిడ్డు వాడాలి. వేడి రోజుల్లో మైనం పాలు పెంచాలి, లేకపోతే కరిగి మందులోకి దిగుతుంది.

రాలిన ప్యాచ్ చెప్పే కబురు

కాల్చిన ప్యాచ్‌లు తుపాకి మూతికి కొద్ది దూరంలోనే పడి ఉంటాయి. రేంజి మొత్తం ఆపి ముందుకు వెళ్లడానికి అనుమతి ఇచ్చినప్పుడు వాటిని ఏరి చూడకపోతే సగం సమాచారం పారేసుకున్నట్టే.

మంచి ప్యాచ్ దాదాపు మళ్లీ వాడొచ్చేమో అనిపించేలా ఉంటుంది: మధ్యలో మసి మరక, దాని చుట్టూ గాడుల గుర్తులు, అంచులు కొద్దిగా చీలి ఉంటాయి. మధ్యలో కాలి బొక్క పడితే లూబ్రికెంట్ చాలలేదన్నమాట, లేదా గుడ్డ పలుచన. గుండు చుట్టూ తగిలే వలయంలో కాలితే వాయువు పక్కల నుంచి తప్పించుకుంటోంది. మందమైన గుడ్డ గానీ 0.495 గుండు గానీ ప్రయత్నించాలి. కాలకుండా, బ్లేడుతో కోసినట్టు వరసగా చీలికలు ఉంటే నేరం మందుది కాదు, గట్ల అంచులు పదునుగా ఉన్నాయి. కొత్త గొట్టాల్లో ఇది మామూలే. ఒకటి రెండు వందల గుండ్లకు అదే అరుగుతుంది, ఓపిక లేకపోతే అతి సన్నటి ఉక్కుపీచు చుట్టిన రామ్‌రాడ్ కొసతో గొట్టాన్ని కొన్ని పదుల సార్లు రుద్దవచ్చు. చీలికలు మూతి దగ్గర దట్టించేటప్పుడే పడుతున్నాయా అన్నది తేల్చుకోవడానికి ఒక చిట్కా ఉంది: మందు లేకుండా ప్యాచ్, గుండు ఒకటి రెండు అంగుళాలు దింపి, గుండు లాగే స్క్రూతో బయటికి తీసి చూడటం. అప్పటికే కోసుకుపోయి ఉంటే మూతి అంచును నున్నగా చేయాలి.

గుడ్డ పేలికలై పోతే మందుకూ ప్యాచ్‌కూ మధ్య ఒక ఉన్ని ఫెల్ట్ వ్యాడ్ (బిళ్ల) పెట్టి చూడవచ్చు. అది మంటను ఆపుతుంది. కానీ దాన్ని శాశ్వత పరిష్కారంగా వాడటం కంటే ప్యాచ్‌నే సరిచేయడం మంచిది, ప్రతి అదనపు వస్తువూ ప్రతిసారీ ఒకేలా కూర్చోవాల్సిన ఇంకో వస్తువు.

మధ్యలో తుడవాలా, ఎలా

ప్యాచ్ అమరిక కుదిరినా కుదరకపోయినా పోటీల్లో చాలామంది ప్రతి గుండు తర్వాత తుడుస్తారు. అంతర్జాతీయ మజిల్‌లోడర్ పోటీల్లో ఎంఎల్ఏఐసీ అనే అంతర్జాతీయ సంఘం నిబంధనల ప్రకారం 30 నిమిషాల్లో 13 గుండ్లు కాల్చితే, అందులో మంచివి 10 లెక్కలోకి వస్తాయి. గుండుకు రెండు నిమిషాల పైచిలుకు. తుడుపుకు సరిపడా సమయమే, గాబరాపడితే మాత్రం చాలదు.

తుడవడంలో పెద్ద తప్పు నీళ్లోడే గుడ్డ వాడటం. నీరు బ్రీచ్‌లోకి దిగి, మసితో కలిసి బురదయి, నిప్పు వెళ్లే సన్నటి దారిని మూసేస్తుంది. తర్వాతి గుండు తుస్సుమంటుంది. గుడ్డను తడిపి, రెండు వేళ్ల మధ్య గట్టిగా పిండాలి. వేలికి చల్లగా తగలాలి, నీటి చుక్క రాకూడదు.

రెండో తప్పు జాగ్ ఎంపికలో ఉంటుంది. జాగ్ అంటే రామ్‌రాడ్ కొసకు బిగించే, గాట్లు పెట్టిన ఇత్తడి ముక్క. అది గుడ్డతో కలిపి గొట్టానికి మరీ బిగుతుగా ఉంటే, దిగేటప్పుడే మసిని ముందుకు తోసి బ్రీచ్ అడుగున గడ్డ కట్టిస్తుంది. కాస్త చిన్నదిగా ఉంటే దిగేటప్పుడు గుడ్డ మసి మీదుగా జారిపోతుంది, పైకి లాగేటప్పుడు జాగ్ గాట్లలో గుడ్డ ముడుచుకుని ఉబ్బి మసిని పట్టి బయటికి తెస్తుంది. మనకు కావలసింది ఈ రెండో రకం. రేంజిలో తుడవడానికి ఒక జాగ్, ఇంట్లో కడగడానికి ఇంకో బిగుతు జాగ్ పెట్టుకోవడం దుబారా కాదు.

పద్ధతి ఇది: కాల్చాక తుపాకి మూతిని ఎదురుగా, మనుషుల వైపు కాకుండా నిలిపి, పిండిన తడిగుడ్డను ఒకే దమ్ములో నెమ్మదిగా అడుగు దాకా దింపి, ఒక క్షణం ఆగి, నెమ్మదిగా లాగాలి. గుడ్డ తిరగేసి ఇంకోసారి. తర్వాత ఒక పొడి గుడ్డ. పైకీ కిందికీ గబగబా ఆడిస్తే మసి అడుగుకు చేరుతుంది. ఎన్నిసార్లు, ఎంత తడి, ఎన్ని గుడ్డలు అన్నది ఎవరిష్టం వాళ్లది, కానీ ఒకసారి ఎంచుకున్నాక ప్రతి గుండుకూ అదే. నాలుగు గుండ్లు తుడవకుండా కాల్చి, ఐదోది బిగుసుకుందని తుడిచి, మళ్లీ నాలుగు కాల్చితే టార్గెట్ మీద చిల్లులు రెండు వేర్వేరు గుంపులుగా కనిపిస్తాయి.

తడిగుడ్డకు ఇంకో పని ఉంది, అది గురికన్నా ముఖ్యమైనది. గొట్టంలో ఎక్కడైనా నిప్పురవ్వ మిగిలి ఉంటే ఆర్పుతుంది. ఈ కారణంతోనే మందును డబ్బా నుంచి గానీ కొమ్ము నుంచి గానీ నేరుగా గొట్టంలో పోయకూడదు. విడి కొలతపాత్రలోకి తీసుకుని, డబ్బా మూత పెట్టి, పక్కన పెట్టాకే పోయాలి. మసిని మెత్తబరచడానికి మూతిలోకి ఊపిరి ఊదే పాత అలవాటు కూడా కొందరిలో ఉంది. ఊపిరిలోని తేమతో మసి మెత్తబడే మాట వాస్తవమే. తుపాకి మూతికి నోరు పెట్టే అలవాటు ఏ రూపంలోనూ మంచిది కాదన్నది అంతకన్నా వాస్తవం. తడిగుడ్డ ఉండగా దాని అవసరం లేదు.

బ్రీచ్ ఆకారాన్ని బట్టి ఒక మెలిక. కొన్ని రైఫిళ్లలో బ్రీచ్ చివర గొట్టం కన్నా సన్నటి మందు గది ఉంటుంది. 0.50 జాగ్ దాని గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, లోపల మసి పేరుకుంటూ పోతుంది. 0.36 లాంటి చిన్న క్యాలిబర్ బ్రష్ మీద గుడ్డ చుట్టి ఆ గదిని విడిగా తుడవాలి. తుడుపు అయ్యాక, గుండు దట్టించే ముందు, ఖాళీ తుపాకి నిపుల్ (నిప్పు లోపలికి వెళ్లే రంధ్రం ఉన్న మొన) మీద ఒక క్యాప్ (దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న టోపీ) పెట్టి మూతిని గడ్డిపరక వైపు ఉంచి పేల్చితే, పరక ఊగితే దారి తెరిచి ఉన్నట్టు.

గుండు అడుగుకు చేరిందా

మసి వల్ల వచ్చే అసలు ప్రమాదం గురి తప్పడం కాదు. గారలో ఇరుక్కుని గుండు మందు మీద కూర్చోకుండా మధ్యలో ఆగిపోవడం. మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉండగా కాల్చితే గొట్టం ఉబ్బుతుంది, పగలవచ్చు కూడా. కాబట్టి రామ్‌రాడ్ మీద రెండు గీతలు తప్పనిసరి: ఖాళీ గొట్టంలో అడుగు తగిలినప్పుడు మూతి దగ్గర ఒకటి, మామూలు మోతాదు మందు, గుండు దట్టించినప్పుడు ఇంకోటి. ప్రతిసారీ రెండో గీత మూతికి సమానంగా రావాలి. పావు అంగుళం పైన ఆగినా క్యాప్ పెట్టకూడదు.

ఇరుక్కుంటే ముందు క్యాప్ గానీ, చెకుముకి తుపాకి అయితే బయటి పళ్లెంలోని మందు గానీ తీసేయాలి. మూతి నుంచి కొద్దిగా నీళ్లో లూబ్రికెంటో పోసి కొన్ని నిమిషాలు ఆగితే గార నానుతుంది, మూతికి ఎదురుగా ముఖం, ఒళ్లు రాకుండా నిలబడి గుండును కిందికి తోయవచ్చు. అప్పటికీ కదలకపోతే నిపుల్ రంధ్రం లేదా పక్క రంధ్రం గుండా మందును బాగా తడిపి, స్క్రూతో గుండును లాగాలి. ఇందుకోసమే దొరికే కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ పరికరం ఉంటే ఇంకా సులువు.

దట్టించే ఒత్తిడి కూడా ఒకేలా ఉండాలి. బ్లాక్ పౌడర్‌ను ఎంత ఒత్తితే అంత తేడాగా కాలుతుంది. కొందరు తుపాకి మడమ కింద బరువు తూచే కాటా పెట్టి 30–40 పౌండ్ల ఒత్తిడి చేతికి అలవాటయ్యేదాకా సాధన చేస్తారు, అది వెర్రి కాదు. రామ్‌రాడ్‌ను ఎత్తి ఎత్తి గుండు మీద కొట్టి, అది ఎగిరితే దట్టించడం అయినట్టు అనుకోవడం మాత్రం వదిలేయాలి. మెత్తటి సీసం అణిగి ఒక్కో గుండు ఒక్కో ఆకారానికి వస్తుంది.

ఎంత మందు, ఏ మందు

గొట్టం పొడవులో కాలగలిగిన దానికన్నా ఎక్కువ మందు పోస్తే, ఆ అదనం వేగం తక్కువ, మసి ఎక్కువ ఇస్తుంది. దీనికి ప్రచారంలో ఉన్న ఒక ఉజ్జాయింపు: గొట్టం లోపలి ఘనపరిమాణంలో ప్రతి ఘనపు అంగుళానికి 11.5 గ్రెయిన్లు. 0.50 క్యాలిబర్, 32 అంగుళాల గొట్టానికి అది సుమారు 72 గ్రెయిన్లు వస్తుంది. దీన్ని పైహద్దుకు గుర్తుగా చూడాలి తప్ప గమ్యంగా కాదు, తయారీదారు చెప్పిన గరిష్ఠ మోతాదు ఇంతకన్నా తక్కువైతే అదే చట్టం. 50 గజాల టార్గెట్ మీద 50 గ్రెయిన్లతో మొదలుపెట్టి ఐదేసి గ్రెయిన్లు పెంచుతూ, ఒక్కో మోతాదుకు ఐదు గుండ్లు కాల్చుకుంటూ పోతే, ఎక్కడో ఒకచోట గుంపు బిగుసుకుంటుంది. అది తరచూ 60–70 దగ్గరే దొరుకుతుంది.

రవ్వ సైజు కూడా లెక్కలోకి వస్తుంది. 2ఎఫ్ ముతక, 3ఎఫ్ సన్నం. పాత సలహా ప్రకారం 0.45, అంతకన్నా చిన్న గొట్టాలకు 3ఎఫ్, 0.50, ఆపైన 2ఎఫ్. కానీ 3ఎఫ్ త్వరగా, పూర్తిగా కాలుతుంది కాబట్టి మసి తక్కువ. 0.50లో దాన్ని వాడేవాళ్లు ఎక్కువే, మోతాదు పది పదిహేను శాతం తగ్గించుకుని. బ్రాండును బట్టి కూడా మసి గుణం మారుతుంది. స్విస్ మందు వదిలే మసి తడిగా, మెత్తగా ఉంటుందని పేరు.

బ్లాక్ పౌడర్ బదులు వాడే ప్రత్యామ్నాయ మందుల సంగతి వేరు. ఇవన్నీ బరువుతో కాక బ్లాక్ పౌడర్ కొలతపాత్రతో, ఘనపరిమాణం ప్రకారం కొలవాలి. పైరోడెక్స్‌లో పెర్‌క్లోరేట్ ఉంటుంది, దాని మసిలో క్లోరైడ్ లవణాలు మిగులుతాయి, అవి ఇనుమును బ్లాక్ పౌడర్ మసికన్నా ఆత్రంగా తింటాయి. ట్రిపుల్ సెవెన్‌లో గంధకం లేదు, వాసన లేదు, నీళ్లతో తేలిగ్గా పోతుంది. బలం ఎక్కువ కాబట్టి 15 శాతం తగ్గించాలి. దాని లోపం, గొట్టంలో మందు ఉండే చోటికి కాస్త పైన కట్టే గట్టి మసి వలయం. రెండో గుండు సరిగ్గా అక్కడే ఆగుతుంది. దానికి ప్రతి గుండుకూ తడిగుడ్డ తప్పదు. బ్లాక్‌హార్న్ 209 చాలా శుభ్రంగా కాలుతుంది, కానీ దానికి 209 ప్రైమర్ (మామూలు క్యాప్ కన్నా బలమైన నిప్పునిచ్చేది) కావాలి, దాని మసికి నీళ్లు కాదు, మామూలు తుపాకి సాల్వెంట్ వాడాలి. వీటిలో దేనితోనూ కలపకూడనిది, దేని బదులూ పోయకూడనిది మామూలు స్మోక్‌లెస్ మందు. బ్లాక్ పౌడర్ గొట్టం ఆ ఒత్తిడిని తట్టుకోదు.

శంకు తూటాలు, 1857 నాటి గ్రీజు

ప్యాచ్ లేని తూటాలో మసిని తుడిచే గుడ్డ ఉండదు. 19వ శతాబ్దపు సైన్యాలకు ఇదే తలనొప్పి. ఫ్రెంచి అధికారి క్లోడ్ ఎటియెన్ మినీయే పేరుతో 1840ల చివర్లో వచ్చిన తూటా దీన్ని తెలివిగా దాటింది: గొట్టం కన్నా చిన్నదిగా ఉండి మసి మీదుగా జారి దిగుతుంది, పేలినప్పుడు దాని బోలు అడుగు విచ్చుకుని గాడులను పట్టుకుంటుంది. బ్రిటిష్ వాళ్ల 1853 నమూనా ఎన్‌ఫీల్డ్‌కు గొట్టం 0.577, తూటా మొదట్లో 0.568. మసితో దట్టించడం కష్టమవుతోందని తర్వాత 0.550కి తగ్గించారు. తూటా చుట్టిన కాగితానికి గ్రీజు పూసింది కూడా మసిని మెత్తగా ఉంచడానికే. 1857లో సిపాయిలు పళ్లతో కొరకడానికి నిరాకరించింది ఆ గ్రీజు పూసిన కాగితాన్నే. చరిత్ర పుస్తకాలు దాన్ని మతం కోణంలో చెబుతాయి, అది సరే. కానీ అసలు తూటాకు గ్రీజు ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఈ వ్యాసంలో చెప్పుకుంటున్న మసే.

అదే ఏడాది పరీక్షల్లో విట్‌వర్త్ రైఫిల్ ఎన్‌ఫీల్డ్‌ను గురిలో చిత్తుగా ఓడించింది. 0.451 షట్కోణపు గొట్టం, 20 అంగుళాలకు ఒక మెలిక, అంటే అంత దూరంలో గాడులు ఒక పూర్తి చుట్టు తిరుగుతాయి. అయినా సైన్యం దాన్ని అందరికీ ఇవ్వలేదు. ఖరీదుతో పాటు, ఆ సన్నటి గొట్టం త్వరగా మసి పట్టడం కూడా కారణం.

ఈనాడు మినీయే కాల్చేవాళ్లకు ఆచరణలో తేలేది ఇది: తూటా గొట్టం కన్నా వెయ్యో వంతు నుంచి మూడు వెయ్యో వంతుల అంగుళం చిన్నగా ఉంటే గురి బాగుంటుంది, అంతకన్నా చిన్నదైతే మసికి సుఖం, గురికి నష్టం. సీసం కల్తీ లేనిదై ఉండాలి. గట్టి మిశ్రమమైతే అడుగు విచ్చుకోదు. మందు ఎక్కువైతే ఆ పలుచటి అంచు మూతి దగ్గర చెదిరి తూటా గిరికీలు కొడుతుంది. టార్గెట్ కాగితం మీద గుండ్రటి చిల్లు కాకుండా తాళంచెవి రంధ్రంలా పడితే అదే సూచన. తూటా గాట్లలో గ్రీజు మూతిదాకా సరిపోకపోతే గొట్టం చివరి కొన్ని అంగుళాల్లో మసి పొడిగా, గట్టిగా ఉంటుంది, అక్కడే సీసం కూడా అంటుకుంటుంది. తేలికైన గ్రీజు ఇంకొంచెం పట్టించాలి.

మెలిక సంగతి క్లుప్తంగా: గుండ్రటి గుండుకు 60–72 అంగుళాలకు ఒక చుట్టు, లోతైన గాడులు. పొడవాటి తూటాకు 28–32 అంగుళాలకు ఒక చుట్టు, లోతు తక్కువ గాడులు. 48 రెంటి మధ్య రాజీ. వేగమైన మెలికలో గుండ్రటి గుండును ఎక్కువ మందుతో కాల్చితే ప్యాచ్ గాడుల మీదుగా జారిపోతుంది, దాన్ని మసి తప్పుగా అనుకోవద్దు. ప్లాస్టిక్ సాబో (తూటా చుట్టూ ఉండే తొడుగు) వాడే ఇన్‌లైన్ రైఫిళ్లలో (నిప్పు గొట్టానికి సరిగ్గా వెనక నుంచి అందే ఈనాటి మజిల్‌లోడర్లు) ఇంకో చిక్కు: గొట్టం వేడెక్కితే ప్లాస్టిక్ మెత్తబడి గోడలకు పూత పూస్తుంది, నీళ్లు దాన్ని కదపలేవు. గుండుకూ గుండుకూ మధ్య గొట్టం చల్లారాలి, ప్లాస్టిక్‌కు వేరే సాల్వెంట్ కావాలి.

తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

మసి ప్రభావాన్ని మిగతా వాటి నుంచి విడదీసే పరీక్ష ఒకటుంది, ఒక్క పూట చాలు. ఒక టార్గెట్ మీద పది గుండ్లు అసలు తుడవకుండా కాల్చి, ఏ చిల్లు ఎన్నోదో రాసుకోవాలి. పక్కనే, దట్టించడానికి ఎంత బలం పట్టిందో ఒక మాట. రెండో టార్గెట్ మీద అదే మోతాదుతో ప్రతి గుండుకూ తుడిచి పది. తుడిచిన గుంపు చిన్నది, తుడవనిది నిలువుగా సాగింది అంటే మసి వేగాన్ని మారుస్తోంది, ప్యాచ్, లూబ్రికెంట్ మీద పని చేయాలి. రెండూ ఒకేలా చెదిరితే తుడుపుతో పని లేదు, మందు మోతాదు గానీ, సైట్లు గానీ, ట్రిగ్గర్ మీద వేలు గానీ చూసుకోవాలి. తుడవనిది చిన్నగా ఉండి తుడిచినదే చెదిరితే తుడుపులో నిలకడ లేదు, సాధారణంగా గుడ్డ తడి ఎక్కువ తక్కువలవుతోంది.

మొదటి గుండు ఒక్కటే వేరుగా పడి మిగతావి కలిసి పడటం మామూలే. అది నూనె పూసిన గొట్టం నుంచి వెళ్లింది. కాల్చే ముందు ఆల్కహాల్ గుడ్డతో నూనె పూర్తిగా తీసి, రెండు మూడు క్యాప్‌లు పేల్చి, ఒక గుండు మట్టిదిబ్బలోకి కాల్చి అప్పుడు లెక్క మొదలుపెట్టాలి.

చెకుముకి తుపాకుల్లో మసి బయట కూడా పనిచేస్తుంది. తేమ రోజున పళ్లెంలోని మసి నిమిషాల్లో నల్లటి ద్రవంగా మారి, దాని మీద పోసిన మందు కూడా తడుస్తుంది. ప్రతి గుండుకూ పళ్లెం, చెకుముకి అంచు, రవ్వ రాల్చే ఉక్కు ముఖం పొడిగుడ్డతో తుడిచి, పక్క రంధ్రంలో సన్నటి తీగ ఆడించాలి. అలా చేయకపోతే ట్రిగ్గర్ నొక్కినప్పటికీ పేలినప్పటికీ మధ్య ఆలస్యం పెరుగుతుంది, ఆ లోపు చేయి కదులుతుంది. గొట్టం ఎంత శుభ్రంగా ఉన్నా అప్పుడు ఉపయోగం లేదు.

ఇంటికి వచ్చాక

మసి తేమను లాగుతుంది కాబట్టి కాల్చిన రోజే కడగాలి, రేపటికి వాయిదా వేస్తే గుంటలు పడతాయి. మరిగే నీళ్లు అక్కర్లేదు. అంత వేడి గొట్టంలో నీరు ఆరేలోపే ఎర్రటి తుప్పు పొర కట్టేస్తుంది. గోరువెచ్చటి నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే సబ్బు చాలు. గొట్టం ఊడొచ్చే రకమైతే నిపుల్ తీసి బ్రీచ్ వైపు బకెట్‌లో ముంచి, బిగుతు జాగ్ మీద గుడ్డతో పంపు కొట్టినట్టు లాగాలి. నిపుల్ రంధ్రం గుండా నీరు వెళ్లి వస్తుంటే మందు గది కూడా కడుక్కుంటుంది. ఊడని రకానికి రంధ్రం మూసి, నీళ్లు నింపి, కొన్ని నిమిషాలు నానబెట్టి పారబోయాలి, నీరు తేటగా వచ్చేదాకా. మంచినీళ్లతో ఒకసారి, పొడిగుడ్డలు మరక లేకుండా వచ్చేవరకు, ఆల్కహాల్ గుడ్డ ఒకటి, ఆ తర్వాతే తుప్పు రాకుండా కాపాడే నూనె. నిపుల్ మరల మీద కొంచెం గ్రీజు పెట్టి బిగించాలి.

తుపాకిని మూతి కిందికి ఉండేలా నిలబెడితే మిగిలిన నూనె బ్రీచ్‌లోకి, కొయ్యలోకి దిగదు. మర్నాడు ఒక పొడిగుడ్డ దించి చూడాలి. తెల్లగా వస్తే కొత్త నూనె పూత వేసి దాచవచ్చు. గోధుమరంగులో వస్తే లోపల ఎక్కడో లవణం మిగిలింది, నూనె మీద నూనె వేయకుండా మళ్లీ సబ్బునీళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.